కార్డు మీద రెండు టిక్కులు

1984లో అమలాపురంలో నన్ను నిఘంటువు పనికి అటెండరుగా వేశారు. టెంపరరీ పోస్టు. ఆరు నెలలకోసారి మూర్తిగారు సంతకం పెడితేనే ఉంటుంది. అయిదో తరగతి చదివినవాడివి నిఘంటువులో ఏం చేశావంటారేమో, కార్డులు మోశాను.

మూర్తిగారు పరిశోధకులు. కొబ్బరి పనివాళ్ళ మాటలు పోగుచేసి పట్నంలో ఉన్న కంప్యూటర్‌లోకి ఎక్కించాలి. మాటకో కార్డు రాస్తే, అక్కడివాళ్ళు ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేవారు. వాటిని చూసుకుని రేపు మిషనే తెలుగు అర్థం చేసుకుంటుందని మూర్తిగారు చెప్పేవారు. నాకే సరిగ్గా రాలేదు, దానికేం వస్తుందని నేను పైకి అనలేదు.

పని ఇలా ఉండేది. వేరే జిల్లాల్లో రాసుకొచ్చిన జాబితా చదివి, ఈ మాట మీరూ అంటారా అని ఇద్దరిని అడగాలి. ఇద్దరూ అవునంటే రెండు టిక్కులు, మాట పాసైనట్టే. మా దగ్గర ఒక్క మాటా ఫెయిలవలేదు. మూర్తిగారు మురిసిపోయారు. నాకు గాభరా పట్టుకుంది. అరుగు మీద కూర్చున్న ఆఫీసరుగారికి కాదని మావాళ్ళు చెప్తారా? ముందు బొండం కొట్టిస్తారు, తర్వాత ఏమడిగినా ఆయ్ అంటారు. కార్డులు పట్నం వెళ్ళడానికి ఇంకొక్క రోజే ఉంది. చెప్తే నా కాగితం మీద మూర్తిగారి సంతకం పడదు. చెప్పకపోతే మేం ఎన్నడూ అనని మాటలు ఆ మిషన్ మాకు అంటగడుతుంది.

ఆ రోజు ఆత్రేయపురంలో వీరన్నగారింటికి వెళ్ళాం. ముప్పై ఏళ్ళుగా కొబ్బరికాయలు దింపుతున్న మనిషి. అడిగినవన్నీ ఒప్పేసుకున్నారు. ఇక ఆగలేక, ఆయన నడుముకున్నదాన్ని చూపించి, దీన్ని డింకిణి అంటారు కదండీ అన్నాను.

"ఆయ్, అంటామండి. మా నాన్నగారు కూడా అదే అనేవోరండి."

మూర్తిగారు పెన్సిలు ఎత్తారు. ఆ మాట వచ్చేటప్పుడు బస్సులో నేనే పుట్టించానని చెప్పాను. పెన్సిలు అక్కడే ఆగిపోయింది. వీరన్నగారు మాత్రం ఏమీ తొణకలేదు.

"ఎండన పడి వచ్చేరు. పుస్తకం పట్టుకుని మరీ అడుగుతున్నారు. లేదని ఎలా అంటామండీ?"

మరి దీన్నేమంటారని మూర్తిగారు అడిగారు.

"కత్తండి."

తిరుగు బస్సులో మూర్తిగారు కార్డులన్నీ మళ్ళీ తిరగేశారు. మర్నాడు కార్డులు పంపలేదు. రబ్బరు నా చేతికిచ్చి టిక్కులన్నీ చెరిపేయమన్నారు. ఆ తర్వాత జాబితా పక్కన పెట్టి, దింపు జరిగే తోటల్లో దూరంగా కూర్చుని, చెట్టు మీదివాళ్ళూ కిందవాళ్ళూ కేకలేసుకునేవి రాసుకున్నాం. అందులో సగం బూతులే. వాటికీ నంబర్లు వేసి పంపాం. గడువు దాటిందని మూర్తిగారికి పైనుంచి మెమో వచ్చింది. ఆయన నా కాగితం మీద సంతకం మాత్రం పెట్టారు.

మనిషి దగ్గర అసలు మాట కావాలంటే, అతను మనల్ని మర్చిపోయి తన పని చేసుకునేదాకా ఆగాలి. ఆ ఉద్యోగంలో నేను నేర్చుకున్నది ఇదే.