గురువారం ఫికా లిస్టు

గురువారం ఉదయం తొమ్మిదీ ఇరవైకి జితేందర్ ఫ్రిజ్ తలుపు మీద అంటించిన కాగితాన్ని మూడోసారి చదివాడు. ఏప్రిల్ నుంచి జూన్ దాకా పదమూడు గురువారాలు, పదమూడు పేర్లు. తన పేరు లేదు.

మిషిగన్‌లో ట్రాయ్ ఊరి చివర, ఒక స్వీడన్ కంపెనీ నడిపే బ్రేకుల టెస్టింగ్ సెంటర్ అది. అక్కడ రోజుకి రెండుసార్లు, తొమ్మిదిన్నరకీ రెండున్నరకీ, చేతిలో ఎంత పని ఉన్నా ఆపేసి అందరూ కాఫీకి కూర్చోవాలి. దాన్ని వాళ్లు ఫికా అంటారు. కప్పు పట్టుకుని డెస్కు దగ్గరికి పోతానంటే బాగుండదు. మేనేజర్ మాగ్నస్ కూడా అదే బల్ల దగ్గర కూర్చుని పక్కవాళ్లకి కాఫీ పోస్తాడు. గురువారం మాత్రం వంతు ప్రకారం ఒకరు ఇంట్లో బేక్ చేసింది తేవాలి. కొని తేకూడదని ఎక్కడా రాసిపెట్టలేదు గానీ, ఎవరూ కొని తేరు.

ఆ వంతుల లిస్టు మూడు నెలలకోసారి అంటించే మనిషి బ్రిట్టా, ల్యాబ్ కోఆర్డినేటర్. అరవై ఒక్కేళ్లుంటాయి. గోథెన్‌బర్గ్ నుంచి అమెరికా వచ్చి ఇరవై నాలుగేళ్లయినా ఫికా విషయంలో పిసరంత సడలింపు లేదు.

టీములో పదహారు మంది. లిస్టులో లేనివాళ్లు ముగ్గురు. వాళ్లలో ఒకాయన ఏప్రిల్లో రిటైరవుతున్నాడు. ఒకామె సౌత్ కరోలినాకి బదిలీ చేయించుకుంది. మూడోవాడు జితేందర్.

“ఏంటన్నా, ఫ్రిజ్‌కి దణ్ణం పెడుతున్నావా?” వెనక నుంచి ఫణి గొంతు. గుంటూరు కుర్రాడు, ఒక కన్సల్టెన్సీ తరఫున కాంట్రాక్టు మీద వచ్చి రెండేళ్లయింది.

“నా పేరు లేదు తమ్మీ.”

“లేకపోతే పండగ చేస్కో. నాకు ఏప్రిల్ ఇరవై మూడంట. మా ఆవిడ ఇప్పట్నుంచే యూట్యూబ్ చూసి ప్రాణం తీస్తోంది.”

“అది కాదు. లేనోళ్లు ఎవరెవరో జూడు.”

ఫణి చూశాడు. వేళ్ల మీద లెక్కేసుకున్నాడు. మొహంలో నవ్వు పోయింది.

“ఊరుకో అన్నా. బన్నుల లిస్టు చూసి ఎవడైనా లేఆఫ్ చేస్తాడా?”

“లిస్టు చూసి చెయ్యరు. పోయేటోనికి టర్న్ ఎందుకని ముందే తీసేస్తరు.”

“అయితే వెళ్లి బ్రిట్టాని అడుగు.”

“ఏమని అడగాలె? నన్ను తీసేస్తున్నరా అనా?”

 ఫిబ్రవరి నుంచి ఆఫీసులో అందరూ గుసగుసలాడుతున్న సంగతే అది. ఆర్డర్లు తగ్గాయని, హెడ్డాఫీసు మనుషుల్ని తగ్గించమందని.

జితేందర్‌కి నలభై నాలుగేళ్లు. హనుమకొండలో చదువు, పుణెలో మొదటి ఉద్యోగం, పన్నెండేళ్లుగా మిషిగన్. ఇక్కడ మూడో రిగ్ మీద, అంటే బ్రేకుల్ని పరీక్షించే యంత్రం మీద, అతని పని. ఇప్పటికీ హెచ్ వన్ బీ మీదే ఉన్నాడు. గ్రీన్‌కార్డు క్యూ కదలదు. ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కోవడానికి అరవై రోజులు. అవి దాటితే పెట్టెలు సర్దుకోవాలి. భార్య రాగిణి ఒక డెంటల్ క్లినిక్‌లో బిల్లింగ్ చూస్తుంది. ఆమె వర్క్ పర్మిట్ కూడా అతని వీసాకి ముడిపడి ఉంది. కూతురు నిధికి పదహారు, హైస్కూల్లో పదకొండో తరగతి. కాబట్టి ఆ కాగితంలో లేనిది ఒక్క పేరేనని అతనికి అనిపించలేదు.

దీనికి తోడు ఇంకో భయం ఉంది. అది అతను చేజేతులా తెచ్చుకున్నది.

జనవరిలో అతని వంతు వచ్చింది. గుడ్డు ముట్టని ఇల్లు. గుడ్డు లేకుండా బేకింగేమిటని గింజుకుని, చివరికి ఇండియన్ బేకరీలో ఎగ్‌లెస్ బటర్‌స్కాచ్ కేకు కొన్నాడు. ఇంటికి తెచ్చి గాజు గిన్నెలోకి మార్చాడు. క్రీము మరీ నున్నగా ఉందని చెంచాతో అక్కడక్కడా చెరిపాడు. మర్నాడు బల్ల మీద పెట్టి, తన భార్య చేసిందని చెప్పాడు. బ్రిట్టా రెండు ముక్కలు తిని రెసిపీ కావాలంది. నెట్‌లో మొదట కనిపించినది కాపీ చేసి ఆమెకి మెయిల్ పెట్టాడు. దానికి ఆమె థాంక్యూ అని రాసి ఊరుకుంది. ఆ తర్వాత కేకు ఊసే ఎత్తలేదు.

దొరికిపోయానని ఇప్పుడు అనిపిస్తోంది. అబద్ధమాడినవాడి పేరు ఎవరైనా కొట్టేస్తారు. ఇంత చిన్న విషయంలో బొంకినవాడు టెస్టు రిపోర్టుల్లో మాత్రం నిజం రాస్తాడా అని మాగ్నస్ అనుకున్నా అనుకుంటాడు.

వారమంతా అతను మాగ్నస్‌ని కనిపెట్టి చూశాడు. సోమవారం ఫికా దగ్గర మాగ్నస్ కాఫీ పోస్తూ, “మీ అమ్మాయి ఏం చదువుతోంది?” అని అడిగాడు. ఎన్నడూ అడగనివాడు. మంగళవారం అతని గదిలో హెచ్చార్ ఆవిడ నలభై నిమిషాలు కూర్చుంది. ఆ రాత్రి జితేందర్ చపాతీ తుంచి పప్పులో ముంచి అలాగే పట్టుకుని కూర్చుంటే రాగిణి విసుక్కుంది.

“వారం సంది చూస్తున్న. తింటవా, తియ్యనా?”

అప్పుడు మొత్తం చెప్పాడు. ఆమె ముందు లిస్టు సంగతికి భయపడింది, తర్వాత కేకు సంగతికి మండిపడింది.

“నా పేరెందుకు జెప్పినవ్? రేపు ఆమె యాడనన్న కనబడి కేకు బాగుందంటే నేనేం జెప్పాలె?”

“రేపు సాయంత్రం నేనే బన్నులు చేస్త. నా చేతులతోటి. గురువారం తీస్కపోయి అన్నీ చెప్పేస్త.”

“ఈడికొచ్చిన పన్నెండేండ్లల్ల టీ పెట్టింది లేదు. బన్నులు జేస్తడట.”

బుధవారం సాయంత్రం అతను ఓవెన్ తలుపు తీశాడు. ట్రాయ్‌లో చాలా తెలుగు ఇళ్లలాగే అది గిన్నెల బీరువా. రెండు కడాయిలు, ఇడ్లీ ప్లేట్లు, అట్ల పెనం, కుక్కర్ మూతలు ఒక్కొక్కటే బయటకి తీసి గట్టు మీద పేర్చాడు. నిధి ఫోన్‌లో రెసిపీ చదువుతోంది. స్వీడన్ వాళ్ల యాలకుల బన్ను.

“డాడీ, పిండిలో ఎగ్ లేనే లేదు. పైన బ్రష్ చేస్తారు, అంతే. దానికి మిల్క్ యూజ్ చేయొచ్చు.”

“లేదా? జనవరిలో ఎందుకు జెప్పలే?”

“యు నెవర్ ఆస్క్‌డ్.”

మొదటి పిండి పొంగలేదు. గోరువెచ్చని పాలు కావాల్సిన చోట పొయ్యి మీంచి దించిన పాలు పోశాడు. “యీస్ట్ చచ్చిపోయింది డాడీ,” అంది నిధి చల్లగా. రెండోసారి కలిపాక పిండి లేచింది. రాగిణి యాలకులు దంచి ఇచ్చింది. ఓవెన్ వేడెక్కుతుండగా ప్లాస్టిక్ కాలిన వాసన వచ్చింది. వెనక మూల ఒక పచ్చడి డబ్బా మూత ఉండిపోయింది. స్మోక్ అలారం మోగింది. నిధి కిటికీలు తీసింది, రాగిణి తువ్వాలు పట్టుకుని అలారం కింద విసురుతూ ఎగిరింది. ఓవెన్ చల్లారబెట్టి, గోకి, తుడిచి, మళ్లీ మొదలెట్టేసరికి తొమ్మిదయింది. ఇరవై రెండు బన్నులు వచ్చాయి. అడుగు కాస్త మాడింది.

గురువారం పొద్దున డబ్బా పట్టుకుని కాఫీ గదిలోకి వెళ్తే బల్ల మీద అప్పటికే బుట్ట ఉంది. మార్చితో ముగిసే పాత లిస్టు ప్రకారం ఆ రోజు వంతు బ్రిట్టాది. ఆమె తెచ్చినవీ యాలకుల బన్నులే. ముడులు వేసి, పైన చక్కెర పలుకులు చల్లి, అన్నీ ఒక్క కొలతలో ఉన్నాయి. ఇంకొకరి వంతు రోజున మరొకరు తేవడం ఆ బల్ల దగ్గర ఎన్నడూ జరగలేదు. డబ్బా దాచుకునే వీల్లేక దాన్ని బుట్ట పక్కన పెట్టాడు.

“ఈ రోజు రెండు రకాలా!” అన్నాడు మాగ్నస్, రెండింట్లోంచీ తీసుకుంటూ.

ఫణి ఒకటి తిరగేసి చూసి తెలుగులో అన్నాడు. “అడుగు భలే గట్టిగా వచ్చిందన్నా. రిగ్ మీద పెడితే బ్రేకు ప్యాడ్ టెస్టు పాసవుద్ది.”

జితేందర్‌కి నవ్వు రాలేదు. ఫికా అయ్యాక బ్రిట్టా కప్పులు కడుగుతుంటే పక్కన నిలబడ్డాడు. జనవరి కేకు బేకరీదని చెప్పాడు. 

“తెలుసు,” అంది ఆమె కప్పు తుడుస్తూ. “గుడ్డు తిననని చేరిన మొదటి వారమే చెప్పావు. నువ్వు పంపిన రెసిపీలో నాలుగు గుడ్లున్నాయి.”

“అందుకేనా నా పేరు తీసేశారు?”

“కేకు కొన్నందుకా?” బ్రిట్టా అతని వంక వింతగా చూసింది. “పేర్లు నాకు మాగ్నస్ ఇస్తాడు. ఏప్రిల్ నుంచి ఇక్కడ ఎవరుంటారో వాళ్లవి. నీ పేరు ఇవ్వలేదు. ఎందుకని నేను అడగలేదు.” తుడిచిన కప్పునే మళ్లీ తుడిచింది. “వెళ్లి అడుగు. ఇప్పుడే.”

మాగ్నస్ గది తలుపు తెరిచే ఉంది. జితేందర్ కూర్చోకుండానే అడిగేశాడు.

మాగ్నస్ మొహం విప్పారింది. “రేపు చెబుదామనుకున్నాను. మూడో రిగ్‌ని గోథెన్‌బర్గ్‌కి తరలిస్తున్నాం. దాంతో పాటు నిన్నూ పంపుతున్నాం. ఏప్రిల్ మధ్య నుంచి జూన్ ముప్పై దాకా. నీ పేరు నేనే చెప్పాను. స్కూలు సెలవులకి మీ అమ్మాయిని కూడా రప్పించుకో.”

ఉద్యోగం పోలేదు. జితేందర్ కుర్చీలో కూర్చున్నాడు. “వెళ్లనంటే?” అన్నాడు.

“ఎందుకు వెళ్లవు?”

పాస్‌పోర్టులో వీసా స్టాంపు గడువు 2019లోనే దాటింది. దేశంలో ఉన్నంతకాలం దాంతో పనిలేదు, అందుకే ఏడేళ్లుగా పొలిమేర దాటలేదు. ఒకసారి బయటికి పోతే, కొత్త స్టాంపు లేనిదే లోపలికి రానివ్వరు. దానికి హైదరాబాద్ వెళ్లి ఇంటర్వ్యూకి నిలబడాలి. ఇదంతా చెప్తుంటే మాగ్నస్ కనుబొమలు ముడిచి విన్నాడు.

“స్వీడన్ నుంచి మిషిగన్ రావడానికి ఇండియా వెళ్లాలా?”

“అవును.”

“లాయర్లతో మాట్లాడతాను. కానీ జితేందర్, అన్నాళ్లూ రిగ్ ఇక్కడ ఉండదు. రిగ్ లేకపోతే ఇక్కడ నీకు పని చూపించలేను. సోమవారానికి చెప్పు.”

రెండున్నర ఫికాకి ఫణి కుర్చీ ఖాళీగా ఉంది. కాంట్రాక్టు ఏప్రిల్ పదితో ముగిస్తున్నట్టు అతనికి మధ్యాహ్నం హెడ్డాఫీసు నుంచి మెయిల్ వచ్చింది. జితేందర్ పార్కింగ్‌లోకి పరిగెత్తేసరికి ఫణి కార్లో కూర్చుని ఉన్నాడు.

“లిస్టులో నా పేరుందన్నా,” అన్నాడు అద్దం దించి. “నీకు లేదని నువ్వు ఏడిచావ్. ఎవడి పిచ్చి వాడిది.”

“ఇప్పుడేం జేస్తవ్?”

“కన్సల్టెన్సీ వాడికి ఫోన్ కొడుతున్నా. ఎత్తట్లేదు.”

సోమవారం జితేందర్ వెళ్తానని మెయిల్ పెట్టాడు. అదే సాయంత్రం రాగిణి లాప్‌టాప్ ముందు కూర్చుని హైదరాబాద్ ఇంటర్వ్యూ తేదీల కోసం వెతికింది. మొదట దొరికింది ఆగస్టు పంతొమ్మిది. గోథెన్‌బర్గ్ పని ముగిసేది జూన్ ముప్పై. నడుమ యాభై రోజులు. ఇండియా నుంచి పని చేయడానికి హెచ్చార్ ముప్పై రోజులు ఒప్పుకుంది. మిగిలిన ఇరవై రోజుల గురించి జవాబు ఇంకా రాలేదు.