గొళ్ళెం పెట్టని ఓటు

మా చెల్లెలు వెర్నా థిబో ఈ ఊరికి సాధించి పెట్టిన మొదటిది బడి మలుపు దగ్గరున్న ఎర్ర పలక. ఇవాళ ఆ పలక చూసి బండి ఆపేవాళ్ళలో సగం మందికి అదెలా వచ్చిందో తెలియదు. నాకు తెలుసు గనక రాసి పెడుతున్నాను.

అప్పట్లో ఆమె బడిలో వంట చేసేది. కొండ మీంచి దుంగల లారీలు ఆ మలుపులో వేగం తగ్గించకుండా దిగేవి. రాష్ట్ర రోడ్ల ఇంజనీరు వచ్చి చూసి, ఇక్కడ ఇంకా ఎవరూ చావలేదు కాబట్టి పలక పెట్టడానికి కారణం చాలదన్నాడు. మర్నాటి నుంచి వెర్నా వేటగాళ్ళు తొడుక్కునే నారింజ రంగు కోటు వేసుకుని, దాని మీద ఏప్రన్ కట్టుకుని, సూపు గరిటె పట్టుకుని పిల్లలు బస్సు దిగే వేళకి రోడ్డు నడిమధ్యన నిలబడింది. గరిటె ఎత్తితే లారీ ఆగేది. ఒక డ్రైవరు తల బయటపెట్టి "జరగవే ముసలిదానా!" అని అరిచాడు. ఆమెకి అప్పటికి నలభై కూడా లేవు. "నువ్వు జీన్ కొడుకువి కదూ? సాయంత్రం మీ అమ్మకి ఫోన్ చేస్తా, ఉండు" అంది. చేసింది కూడా. ఆ శీతాకాలం మంచు కరిగేలోగా పలక వచ్చింది.

రెండోది ఉప్పు. మా ఈస్ట్ పెన్రోలో చలికాలం మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పుని ఊరివాళ్ళు పైకప్పు లేకుండా గుట్టగా పోసేవాళ్ళు. అది కరిగి దిగువ వీధి బావుల్లోకి దిగింది. ఊరి పెద్దలు ముగ్గురూ "చూద్దాం, చూద్దాం" అంటూ కాలం గడిపారు. వెర్నా ఒక సమావేశానికి ఫ్లాస్కు నిండా కాఫీ కాచి తీసుకెళ్ళి ముగ్గురికీ పోసింది. ముగ్గురూ ఒకేసారి ఉమ్మేశారు. "దిగువ వీధివాళ్ళు రోజూ తాగేది ఇదే" అని ఖాళీ ఫ్లాస్కు మూత బిగించుకుని వచ్చేసింది. ఉప్పుకి కొట్టం కట్టారు. నేను ఊరి అగ్నిమాపక దళంలో ఉన్నవాణ్ణి, మంటలు చాలా ఆర్పాను, కానీ గొంతు పెంచకుండా ముగ్గుర్ని అలా కడిగేయడం నాకు చేతకాదు.

మేమిద్దరం చదివింది ఒకే ఒంటిగది బడిలో, మధ్యలో కట్టెల పొయ్యి ఉండేది. నేను ఎనిమిదో తరగతితో ఆపి ఆవుల దగ్గరికి వెళ్ళాను. ఆమె ఇంకాస్త చదివింది. ఆ బడిలో నేర్చుకున్నదంతా ఒక ఎత్తు, ఊరి సభలో నేర్చుకున్నది ఒక ఎత్తు. మాకు ఏ ఖర్చైనా ఊరే తేల్చాలి. ఏటా మార్చిలో ఒక శనివారం టౌన్ హాల్లో అందరం కూడి, పసుపు కార్డులెత్తి ఓటేస్తాం. మధ్యాహ్నం కింది గదిలో భోజనం. సాయంత్రం దాకా మళ్ళీ సభ.

అందులో ఒక మెలిక ఉంది. పొద్దున గెలిచిన అంశాన్ని అదే రోజు తిరగదోడమని ఎవరైనా అడగొచ్చు, పొద్దున దానికి ఓటేసినవాళ్ళయితే చాలు. అందుకని గెలవగానే ఒకరు లేచి, దీన్ని ఇక తిరగదోడకూడదని ఇంకో ఓటు వేయించాలి. దాన్నే మేం గొళ్ళెం పెట్టడం అంటాం. వెర్నా గొళ్ళెం మరిచిపోయిన సభ నేనెన్నడూ ఎరగను. ఎవరి అంశమైనా సరే, ఆమే లేచేది. కుర్రకారు వెనకాల "అదిగో, గొళ్ళెమమ్మ లేచింది" అని నవ్వుకునేవాళ్ళు.

ఇక వంతెన సంగతి. కిందటేడాది వేసవిలో వరదొచ్చి పై ఏటి మీది ఇనుప వంతెన కాళ్ళు కదిలాయి. రాష్ట్రంవాళ్ళు రెండు చివర్లా కాంక్రీటు దిమ్మలు అడ్డం పెట్టారు. మనుషులు నడవొచ్చు, బండి పోకూడదు. ఏటి అవతల ఉన్నవాళ్ళంతా మేపుల్ చెట్ల రసం కాచి పాకం తీసే తోటలవాళ్ళే. వెర్నా, ఆమె మొగుడు లూసియన్ కూడా అక్కడే. లూసియన్ గుండె బలహీనం. ఇదివరకు అంబులెన్సు ఇట్టే వచ్చేది. ఇప్పుడు కొండ చుట్టూ మట్టి దారిన రావాలి.

కొత్త వంతెనకి రాష్ట్రం చాలా భాగం ఇస్తానంది, ఊరు తన వంతు వేసుకోవాలి. వెర్నా ఆ చలికాలమంతా ఇల్లిల్లూ తిరిగింది. వాళ్ళ వంటింట్లో కూచుని, వాళ్ళ కుక్కని నిమిరి, లూసియన్ పేరెత్తకుండా వంతెన మాట మాట్లాడింది. "నా మొగుడి కోసం అడుగుతున్నానని ఎవడూ అనకూడదు, అన్నయ్యా" అనేది.

సభ రోజున పొద్దున్నే ఎండ కాసింది. రాత్రి గడ్డకట్టే చలి, పగలు ఎండ. మేపుల్ చెట్లు రసం కార్చడానికి అంతకంటే మంచి రోజుండదు. అవతలివాళ్ళంతా కాలు నిలవకుండానే వచ్చి కూచున్నారు. వంతెన అంశం మధ్యాహ్నానికి కాస్త ముందు ఓటుకొచ్చింది. మా చెల్లెలు, ఆమె పక్కన ఫిలిస్ గార్లండ్, ఇద్దరూ కార్డులెత్తారు. ఫిలిస్ వెర్నాకి బడి వంటింటి నాటి నుంచి స్నేహితురాలు, మొగుడు పోయి ఒంటరిగా ఉంటోంది. ఆ ఇద్దరూ సభ భోజనాలు వండని ఏడు లేదు. ఎత్తిన కార్డులు లెక్కపెట్టి సభాధ్యక్షుడు క్లిఫర్డ్ హేల్ "గెలిచింది" అనగానే హాలంతా లేచి నిలబడింది. అవతలి ఒడ్డు మగాళ్ళు టోపీలు ఎగరేశారు. వెర్నాని అటొకరు ఇటొకరు పట్టుకుని ఊపేస్తున్నారు.

అప్పుడే మెట్ల దగ్గర్నుంచి ఫిలిస్ కేక వేసింది. "వెర్నా! బీన్సు మాడుతున్నాయే!"

వెర్నా పరుగెత్తింది. నేను ఈ సంగతి చాలాసార్లు తిరగేసి చూసుకున్నాను. బీన్సు నిజంగానే మాడాయి. వాసన నాకూ వచ్చింది.

గొళ్ళెం ఎవరూ పెట్టలేదు. చప్పట్లు కొడుతూ నిలబడ్డాం అందరమూ.

భోజనం బాగా జరిగింది. కుండలో కాల్చిన బీన్సు, హామ్, నల్ల రొట్టె, రకరకాల పళ్ళు కూరి కాల్చిన పైలు. తినేసి అవతలివాళ్ళు కోట్లు తొడుక్కున్నారు. "తొట్లు నిండి పొర్లిపోతుంటాయి వెర్నా, ఆ చుట్టుదారిన పోయేసరికి పొద్దుగుంకుతుంది" అన్నారు. "పొండి పొండి, పాకం మాడిస్తే నాకు చెప్పకండి" అని నవ్వుతూ సాగనంపింది. హాలు సగం ఖాళీ అయింది.

పైన సభ మొదలైంది. వెర్నా కింద గిన్నెలు తోముతోంది. ఫిలిస్ తుడుస్తోంది. "ఇప్పుడే వస్తా" అని ఫిలిస్ పైకి వచ్చింది. నేను మిగిలిన కప్పులు తీసుకెళ్ళడానికి వచ్చిందేమో అనుకున్నాను. తిన్నగా మైకు దగ్గరికి వెళ్ళింది.

"అధ్యక్షా, వంతెన అంశం తిరగదోడాలని కోరుతున్నాను."

క్లిఫర్డ్ కళ్ళజోడు పైకి నెట్టుకున్నాడు. "ఫిలిస్, నువ్వు పొద్దున దానికి ఓటేశావు కదా?"

"వేశాను. అందుకే అడిగే హక్కు నాకుంది."

వెనక నుంచి ఎవరో బలపరిచారు. ఫిలిస్ మైకు అంచు పట్టుకుని చెప్పింది. "నాకు వెర్నా మీద ఏ కోపమూ లేదు. పన్ను ఇంకా పెరిగితే నేను ఇల్లు అమ్ముకోవాలి. పొద్దున అందరూ చేతులెత్తుతుంటే నా చెయ్యి దించుకోలేకపోయాను. అంతే."

నేను కిందికి పరుగెత్తాను. "వెర్నా, పైకి రా!"

"ఏంటన్నయ్యా ఆ గాభరా? ఈ పళ్ళాలు రెండూ..."

"పళ్ళాలు వదిలెయ్!"

మేము పైకి వచ్చేసరికి కార్డులు లేచి ఉన్నాయి. క్లిఫర్డ్ వేలితో లెక్కపెడుతున్నాడు. తిరగదోడారు. మళ్ళీ ఓటు వేశారు. వంతెన ఓడిపోయింది. వెర్నా తడి తువ్వాలు చేతిలో పట్టుకుని అక్కడే నిలబడింది. డెబ్భై దాటిన నా చెల్లెలి ముఖం అలా ఖాళీ అయిపోవడం మా అమ్మ పోయిన రోజున కూడా నేను చూడలేదు.

ఆమె అన్నది ఒక్క మాటే. "ఫిలిస్, ఏప్రన్ కూడా విప్పలేదే నువ్వు."

ఫిలిస్ కిందికి చూసుకుంది. నిజంగానే విప్పలేదు.

ఏప్రిల్లో మంచు కరిగి కొండ దారి బురద అయింది. ఒక పొద్దున లూసియన్ పొయ్యి ముందు కూలబడ్డాడు. అంబులెన్సు చుట్టుదారిన బయలుదేరి, కొండ నడుమ ఇరుసు దాకా దిగబడిపోయింది. మా పోలీసు అధికారి డెనీ, అగ్నిమాపక దళం కుర్రాళ్ళు కలిసి లూసియన్ని మేపుల్ రసం తొట్లు లాగే చక్రాల్లేని స్లెడ్ బండి మీద పడుకోబెట్టి, మూసేసిన ఆ వంతెన మీంచే ఇవతలికి లాక్కొచ్చారు. ఇటు పక్క ఇంకో అంబులెన్సు నిలబెట్టారు. లూసియన్ బతికాడు. ఇనుప పలకల మీద స్లెడ్ గీరుకుంటూ వచ్చిన చప్పుడు నా చెవుల్లో ఇంకా ఉంది.

ఓటు ఓడిపోయింది కాబట్టి పాత వంతెన ప్రమాదమని రాష్ట్రంవాళ్ళు మే మొదట్లో క్రేను పంపారు. అది తీసేస్తే నడక దారి కూడా లేదు, స్లెడ్ దారి కూడా లేదు. వెర్నా తన వంటింటి కుర్చీ ఒకటి తెచ్చి వంతెన నడుమ వేసుకుని కూచుంది.

డెనీ వచ్చాడు. చిన్నప్పుడు ఆమె చేతి సూపు తాగిన పిల్లలందరి లాగే వాడు కూడా థిబో అన్న ఇంటిపేరు పొట్టి చేసి ఆమెని మిసెస్ టీ అనే పిలుస్తాడు. "మిసెస్ టీ, లేవండి. దయచేసి."

"నువ్వు బీట్‌రూట్ తినమంటే ఎన్నాళ్ళు మొరాయించావురా?"

"రెండో తరగతి అంతా."

"మరి నన్ను ఒక్క పూటలో లేవమంటావా?"

జడ్జి ఆమె వంతెన మీద కాలు పెట్టకూడదని ఆజ్ఞ ఇచ్చాడు. మర్నాడు పెట్టింది. డెనీ ఏడుస్తూ బేడీలు వేశాడు. ఈ కళ్ళతో చూశాను. మా ఇంట్లో ఎవరికీ వేగంగా నడిపినందుకు జరిమానా కూడా పడలేదు, నా చెల్లెలి చేతులకి బేడీలు. చూస్తున్నవాళ్ళలో ఒకరు టోపీ తీశారు, చావు ఇంటి ముందు తీసినట్టు.

కోర్టులో జడ్జి మర్యాదగానే అడిగాడు. "ఇక వంతెన మీదికి వెళ్ళనని ఒక్క మాట చెప్పండి, ఇప్పుడే ఇంటికి వెళ్ళిపోవచ్చు."

"నా ఇల్లు దానికి అవతల ఉందండీ. బురదలో నడవమంటారా?"

నవ్విన వాళ్ళున్నారు. జడ్జి నవ్వలేదు. ముప్పై రోజులు వేశాడు. పక్కవాణ్ణి అడిగాను, ఎంతన్నాడని.

జిల్లా జైల్లో చూడటానికి వెళ్ళాను. గాజు పలకకి అటు ఆమె, ఇటు నేను. ఇంటి సంగతులు అడుగుతుందనుకున్నాను.

"గొళ్ళెం నేను పెట్టాల్సింది అన్నయ్యా. బీన్సు మాడితే మాడనివ్వాల్సింది."

"ఊరంతా అక్కడే ఉంది కదమ్మా."

"ఊరు ఉంటుంది. లేచేది నేను కదా." వెంటనే, "లూసియన్‌కి ఎవరు వండుతున్నారు?" అంది.

చెప్పాలా వద్దా అని తడబడ్డాను. చెప్పేశాను.

ఆమెని తీసుకెళ్ళిన మర్నాడు నేను లూసియన్ దగ్గరే ఉన్నాను. తలుపు చప్పుడైతే తీశాను. ఫిలిస్, చేతిలో మూత పెట్టిన గిన్నె.

"ఎందుకొచ్చావ్?" అన్నాను.

"లూసియన్‌కి ఉప్పు లేకుండా వండటం నీకొచ్చా?"

"రాదు."

"అయితే తప్పుకో."

"పన్ను సంగతేంటి మరి?"

"అది అలాగే ఉంది. నా ఓటు నాది. ఆ వైపు నేనేం మారలేదు." లోపలికి వెళ్ళి గిన్నె పొయ్యి మీద పెట్టింది. ఆవేళ్టి నుంచి రోజూ వంతెన మీంచి నడిచి వస్తోంది.

ఇదంతా విని వెర్నా గాజు పలక దగ్గరికి జరిగింది. ఒక్కటి అడిగింది. "కుర్చీ ఇంకా అక్కడే ఉందా?"

ఉంది. డెనీ తీయించలేదు. మధ్యలో వానలతో క్రేనువాళ్ళు కొన్నాళ్ళు రాలేదు. నిన్న వచ్చారు. ఇంజను చప్పుడు విని నేను పరుగున వెళ్ళేసరికి, కుర్చీలో ఫిలిస్ కూచుని ఉంది. ఒళ్ళో గిన్నె, బఠాణీలు ఒలుస్తోంది. క్రేను మేస్త్రీ హెల్మెట్ చంకలో పెట్టుకుని ఎదురుగా నిలబడ్డాడు.

"అమ్మా, ఇక్కడ కూచోకూడదు, కోర్టు ఆజ్ఞ ఉంది."

"ఆ ఆజ్ఞలో నా పేరుందా?"

మేస్త్రీ నా వైపు చూశాడు. ఊరి సభలో వంతెనని ఓడించిన మనిషి ఆ వంతెన మీదే బఠాణీలు ఒలుస్తోంది.

"ఏంటిది ఫిలిస్?" అన్నాను.

"ఏం లేదు. కాళ్ళు నొప్పెట్టాయి, కూచున్నాను."

"ఎంతసేపు?"

ఆమె ఒలిచిన తొక్క ఏట్లోకి విసిరింది. "వెర్నా ఎప్పుడొస్తుంది?" అని అడిగింది.

చెప్పాను. జూన్ పద్నాలుగు, శనివారం.