గొట్టంలో ఉప్పునీళ్లు

సోమమ్మకు ముట్టు ఆగి మూడేళ్లయింది. కోడలు వచ్చి రెండేళ్లు. కోడలొచ్చాక కూడా అత్త గొర్రెల వెంట తిరిగితే ఊరు నవ్వుతుందని భర్త గుర్వయ్య ఆమెను ఇంట్లో కూర్చోబెట్టాడు. ముప్పయ్యేళ్లు గుట్టలెక్కిన కాళ్లకు ఆ సుఖం పడలేదు. తల దిమ్మెక్కేది, ఉన్నట్టుండి ఒళ్లంతా చెమటలు పట్టేవి, వాకిట్లో నిలబడ్డ మనిషి నిలబడ్డట్టే తూలేది.

1958లో ఉన్ని అమ్మడానికి నకిరేకల్ పోయినప్పుడు దవాఖానలో చూపించుకుంది. డాక్టరు చేతికి పట్టీ చుట్టి, రబ్బరు బుడ్డి ఒత్తి, రక్తపోటు బాగా ఎక్కిందన్నాడు. ముట్టు ఆగాక కొందరికి ఇలా అవుతుందట. ఉప్పు తగ్గించమన్నాడు, రోజూ నడవమన్నాడు, మునగాకు తినమన్నాడు. బలానికి తాకతు గోలీలు అడిగితే, నడవకుండా అవి మింగితే లాభం లేదని నవ్వాడు. ఉప్పు తగ్గించకపోతే మెదడులో నరం చిట్లుతుందని మాత్రం నవ్వకుండా చెప్పాడు.

సోమమ్మ భయపడింది. మర్నాటి నుంచి తను తాగే జొన్న గట్కలో ఉప్పు మానేసి, పొద్దున్నే మందతో పాటు గుట్టదాకా నడిచింది. నెల తిరిగేసరికి తల తేలికపడింది. గుర్వయ్యకు మాత్రం తల కొట్టేసినట్టయింది. పెళ్లాన్ని కూర్చోబెట్టి తిండి పెట్టలేకపోతున్నాడని కల్లు దగ్గర ఎవడో అన్నాడు. వచ్చీ రాగానే ఆమె గట్క ఉన్న మట్టి గురిగిని గోడకేసి కొట్టాడు. ఆమె చేతికర్ర లాక్కుని, దానితోనే వీపు చిట్లేదాకా బాదాడు. ఇలాంటి మగతనానికి మంట పెట్టాలి.

సోమమ్మ కళ్లు తిరిగి దొడ్లో పడిపోయింది. అప్పుడు గుర్వయ్య భయపడి కర్ర పారేశాడు. గొర్రె గిర్రున తిరిగి పడితే వాళ్లింట్లో తాతల నాటి నుంచి ఒకటే మందు: వెదురు గొట్టంతో గొంతులోకి చిక్కటి ఉప్పునీళ్లు. అతనికి తెలిసిన వైద్యమంతా అదే. కొడుకు బీరప్పను కాళ్లు పట్టమని, తాను ఆమె ఛాతీ మీద మోకాలు పెట్టి, దవడ నొక్కి గొట్టం దూర్చాడు.

"తాగవే సోమమ్మా, తాగకుంటె సత్తవే," అని ఏడుస్తూనే పోశాడు.

ఉప్పు ముక్కులో మండింది, ఊపిరి అందలేదు. డాక్టరు వద్దన్నదే మొగుడు గొంతులో పోస్తున్నాడు. ఆమె ఉన్న బలమంతా పెట్టి కొరికింది. పళ్ల కింద పడింది గొట్టం కాదు, అతని బొటనవేలు. ఎముక విరిగేదాకా వదల్లేదు. అతను కేక పెట్టి వెనక్కి పడగానే గొట్టం అందుకుని నుదుటిమీద కొట్టింది. నెత్తురు అతని కళ్లలోకి కారింది.

"గొర్రెను గాదు నేను," అంది. "నడిస్తెనే బతుకుత. రేపు గుట్టకు పోత. అడ్డమొస్తే ఇంకో ఏలు గూడ పోతది."

తర్వాత పదేళ్లు రోజూ గుట్టకు నడిచింది. గుర్వయ్య వేలు మళ్లీ వంగలేదు, ఉన్ని కత్తెర పట్టలేకపోయాడు. ఆ పనీ ఆమెదే అయింది, గొర్రెలకు మందు పోసే పనీ ఆమెదే అయింది. ఆమె గొట్టం ఎత్తినప్పుడల్లా గుర్వయ్య రెండు చేతులూ వెనక్కి పెట్టుకునేవాడు.