నా సోలార్ పలకల మీద నెత్తళ్ళు

కాలేజీ డిబేట్లలో నన్ను ఓడించినవాళ్ళు లేరు. మొన్న నెత్తళ్ళు ఓడించాయి. అవును, వేలెడంత చేపలే. ఎలాగో వినండి.

శ్రీకాకుళంలో సివిల్ ఇంజనీరింగ్ ఆఖరి ఏడాది నాది. ప్రాజెక్టుకి అందరూ కల్వర్టులూ వాటర్ ట్యాంకులూ గీస్తుంటే, నేను నెట్ జీరో బుల్లి ఇల్లు అన్నాను. ఏడాదికి ఎంత కరెంటు వాడుతుందో అంతా ఎండలోంచి తనే సంపాదించుకునే ఇల్లు. గీయడమేంటి, కట్టే చూపిస్తానని మా సారు దగ్గర పంతం పట్టాను. భోగాపురం దగ్గర, సముద్రం ఒడ్డున, చేపలమ్మే మా పైడమ్మత్త పెరట్లో పది అడుగులకి పన్నెండు కట్టేశాను కూడా.

"సోలార్ పలకలు కప్పు మీద పెట్టాలి కదమ్మా," అన్నారు సారు.

"తుపాను గాలికి కప్పుతో సహా ఎగిరిపోతాయి సార్. పెరట్లోనే, నడుమెత్తున, కాస్త వాలుగా పెడతాను." అరగంట వాదించి నెగ్గాను.

బయటి కాలేజీ నుంచి ఎగ్జామినర్ గారు వచ్చారు. ఫ్యాను తిరిగితే పాసు, లేకపోతే ఇంకో ఆరు నెలలు. వెంటబెట్టుకెళ్ళి ఠీవిగా స్విచ్ వేశాను. ఫ్యాను కదల్లేదు.

ఇంకెవరైనా అయితే వెనక్కెళ్ళి పలకలు చూసుకుంటారు. నేను ఉపన్యాసం ఎత్తుకున్నాను. నాసిరకం బ్యాటరీలు, ఉప్పుగాలికి తినేసిన వైర్లు, తీరంలో బతికేవాళ్ళని పట్టించుకోని పాలసీలు. పది నిమిషాలు. మధ్యలో గోడ కూడా గుద్దాను.

ఆయన అంతా విని, ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని, "వెనకాల ఏముందమ్మా?" అన్నారు.

వెళ్ళి చూస్తే నా నాలుగు పలకలూ కనబడలేదు. ఈ అంచు నుంచి ఆ అంచుకి వెండిలా మెరుస్తూ నెత్తళ్ళు. పక్కన కాకుల్ని తోలుతూ అత్త.

"ఏటత్తా ఇది?"

"ఏటేటే గుంటా, సేపలు. ఇసక అంటదు, నడుం వంగక్కర్లేదు. ఇసకలో మూడ్రోజులు పట్టేవి దీని మీద రోజున్నరకే ఎండిపోతన్నాయి. ఇంత మంచి బల్ల సేయించి ఒక్క ముక్క సెప్పావు కావేటే?"

"అది బల్ల కాదత్తా. కరెంటు దాన్నుంచే వస్తాది."

"ఏదీ, వస్తేనా? నిన్నట్నుంచీ ఫ్యానే తిరగనేదు. పాడైపోనాదనుకున్నాను."

వాదన ఆపి, నెత్తళ్ళు ఏరి బుట్టలో వేయడం మొదలుపెట్టాను.

ఎగ్జామినర్ గారు మాత్రం ఒక నెత్తల్ని తీసి విరిచి చూశారు. అత్తని కూర్చోబెట్టి బోలెడు ప్రశ్నలడిగారు, అన్నీ రాసుకున్నారు. నన్ను అడిగింది ఒక్కటే: ఈ పలకల స్టాండుకి డ్రాయింగు ఉందా అని. ఉంది. పాసయ్యాను, ఆ ఒక్క కాగితం పుణ్యమా అని.

రెండ్రోజులకి అత్త వాడలోంచి ఒకావిడ కొలతలు కావాలని ఫోన్ చేసింది. చూశారా, ఇల్లు పనికొచ్చిందని పొంగిపోయి, గోడల మందం, కిటికీల దిక్కు, ఒక్కోటీ విడమరిచి చెప్పాను. ఓపిగ్గా వింది.

"ఇల్లు మాకున్నాదిలే అమ్మా. ఆ బల్ల కాళ్ళు ఎంతెత్తో సెప్పు."