పేర్ల తర్వాత సీను

మా ప్రత్తిపాడులో పరుపులు కుట్టే సాయిబుగారి కొడుకు సైన్యంలో పనిచేస్తూ సరిహద్దు మంచులో గల్లంతయ్యాడు. శవం దొరకలేదు. "దొరకలేదంటే లేడని కాదుగా మాస్టారూ," అనేవాడు ఆయన, కనబడినప్పుడల్లా.

ఒకరోజు నన్ను గుంటూరులో ఒక డబ్బింగ్ సినిమాకు తీసుకెళ్లాడు. అందులో సైన్యం వద్దన్న బక్కపలచని కుర్రాడు ఏదో మందుతో మహాబలుడై, యుద్ధం గెలిపించి, చివరికి మంచులో కూరుకుపోతాడు. పేర్లు పడగానే జనం లేచారు. మా వైపు హాళ్లలో మామూలే కాబట్టి ఆపరేటరు అక్కడితో బొమ్మ ఆపేశాడు. సాయిబుగారు మాత్రం కదల్లేదు.

"అయిపోయింది, లేవండి," అన్నాను.

"అవలేదండీ. పేర్ల తర్వాత బతికొస్తాడంట. చూసినోళ్లు చెప్పారు."

నేను పైకెళ్లి ఆపరేటరును బతిమాలాను. "ఈ వయసులో ఇదేం పిచ్చండీ బాబూ!" అని నవ్వి, మిగతాది వేశాడు. పేర్లన్నీ అయ్యాక మంచులో హీరో కళ్లు తెరిచాడు. తర్వాతి భాగంలో కలుద్దామని తెరమీద అక్షరాలు పడ్డాయి.

సాయిబుగారు చాలాసేపు ఖాళీ తెరను చూశాడు. ఆయన అన్న మాట ఇంటికొచ్చి డైరీలో ఉన్నదున్నట్టు రాసుకున్నాను.

"వీడితో ఇంకా సినిమాలు తియ్యాలి మాస్టారూ. అందుకని బతికించారు."

ఆ శుక్రవారం, చనిపోయినవాళ్లకు చదివించే ఫాతిహా, కొడుకు పేరున మొదటిసారి చదివించాడు.