చౌడునీళ్ళు రుచి చూసే వెంకటసుబ్బమ్మ

మా అత్త వెంకటసుబ్బమ్మ కూర్చోగా నేను చూసింది చాలా తక్కువ. అన్నం కూడా నిలబడే తినేది, ఒక చేత్తో కంచం పట్టుకొని పొయ్యి చుట్టూ తిరుగుతూ. కాలు కాలిన పిల్లికైనా ఎక్కడో ఒక మూల దొరుకుతుందేమో గానీ ఆమెకు దొరకలేదు. హిందూపురం నుంచి ధర్మవరానికి కోడలిగా వచ్చిన కొత్తలో ఆమె వెనకాల తిరిగీ తిరిగీ నాకు నడుము పట్టేసేది.

ఆమె పని నేతగాళ్ళకు పట్టు ఉడకబెట్టి ఇవ్వడం. మగ్గం మీదికి పోయేముందు పట్టు చిలపలకు, అంటే దారపు చుట్టలకు, ఉన్న బంక పోవాలి, పోకపోతే రంగు అంటదు. దానికి చౌడునీళ్ళు కావాలి. పెనుకొండ దగ్గరి పొలాల్లో తెల్లగా పేరుకున్న చౌడు గంపలకెత్తి రైల్లో తెచ్చుకొనేవాళ్ళం. దాన్ని నీళ్ళలో కలిపి, మట్టి అడుగుకు దిగాక, పైనున్న తేటను కాగులోకి వంచి మరిగించేది. ఎంత చౌడుకు ఎన్ని నీళ్ళు అనే లెక్కే లేదు. వేలు ముంచి నాలుక కొసన పెట్టుకొనేది. "ఇంకో చెంబు నీళ్ళు పొయ్యే" అనేది, లేకపోతే "చిలపలు కాగులోకి దించు" అనేది. ఘాటు ఎక్కువైతే పోగు చివికిపోతుంది, తక్కువైతే బంక వదలదు. ముప్పై ఏళ్ళలో ఆమె చేతిలో ఒక్క చిలప పాడు కాలేదని మా వీధంతా చెప్పుకొనేది. ఆమె ముందు చెప్పుకుంటే ఇంకా బాగా వినేది.

అరవై రెండులో అనుకుంటాను, ఒకరోజు నేను పులుసులో ఉప్పు మరిచిపోయాను. చిటికెడు తగ్గితే నా పుట్టింటిని కూడా కలిపి కడిగేసే మనిషి, ఆ రోజు మాట్లాడకుండా తిని చెయ్యి కడుక్కుంది. మర్నాడు కావాలనే రెండింతలు వేశాను. అదీ తినింది. అప్పుడు నాకు అర్థమైంది. ముప్పై ఏళ్ళు చౌడు తాకిన నాలుక చచ్చిపోయింది. ఆ సంగతి బయటపడితే మా కాగు దగ్గరికి ఎవరూ రారు.

అప్పటినుంచి ఆమె తిరుగుడు ఇంకా ఎక్కువైంది. కాగులో వేలు ముంచేది, నాలుకకు పెట్టుకొనేది, వీధి మొగదాకా పోయొచ్చి మళ్ళీ ముంచేది. ముందుగా ఒక్క పోగు ఉడికించి, తెంపి చూసుకొనేది. పూట పని రెండు రోజులు పట్టేది. నాకు తెలిసిపోయిందని చెప్పే ధైర్యం లేక నేనూ నోరు మూసుకున్నాను.

పుట్టింటికి పోయినప్పుడు పక్కింట్లో ఉండే దేవసహాయం సారును, చౌడు ఘాటు నాలుకతో కాకుండా ఇంకెట్లా తెలుసుకోవాలని అడిగాను. ఆయన హైస్కూల్లో సైన్సు చెప్పేవాడు.

"చౌడనేది ఒక్క వస్తువు కాదమ్మా, మిశ్రమం" అన్నాడు. "మట్టి, ఉప్పు, సోడా అన్నీ కలిసుంటాయి. ఒక గంపలో సోడా ఎక్కువుంటాది, ఇంకో గంపలో ఉప్పు ఎక్కువుంటాది. అందుకే మీ అత్తకు నాలుకతో పని పడింది. అంగట్లో అమ్మే బట్టల సోడా అట్ల కాదు. సోడియం, కార్బన్, ఆక్సిజన్ అని మూడు మూలకాలు ఎప్పుడూ ఒకే పాళ్ళలో కలిసిన సమ్మేళనం అది. తూకం వేసుకుంటే చాలు, నాకి చూసే పనే లేదు."

ఇంకేదో చెప్పబోయాడు, డబ్బా మూత గురించి. రైలుకు టైమవుతోందని నేను పరుగెత్తాను. అత్త దగ్గర ఉండీ ఉండీ నాకూ ఆ తొందర అంటుకుంది.

నేను కొనుక్కొచ్చిన సోడా చూసి అత్త మూతి తిప్పింది గానీ వద్దనలేదు. సేరు పట్టుకు పది తులాలని నేను తూచి వేసేదాన్ని. పట్టు ఇచ్చినవాళ్ళు చూస్తూ ఉంటే ఆమె వేలు ముంచి, నాలుకకు రాసుకొని, "ఊ, సరిపోయింది" అనేది. నాకు నవ్వొచ్చేది. ఎనిమిది నెలలు అట్లా హాయిగా గడిచాయి.

ఎండాకాలం వచ్చింది. మూత సరిగా పెట్టని డబ్బాలో గాజు ముక్కల్లాంటి సోడా తెల్లటి పిండిగా మారిపోయింది. సోడా సోడానే కదా అనుకొని, మా వీధిలో మగ్గం నేసే నాగప్ప తెచ్చిన సేరు పట్టుకు అదే పది తులాలు తూచి వేశాను. ఆ పలుకుల్లో సగానికి పైగా నీళ్ళే ఉంటాయని, ఎండకు అవి ఎగిరిపోతే అదే తూకంలో సోడా రెండింతలు దాటుతుందని దేవసహాయం సారు తర్వాత చెప్పాడు. తర్వాత చెప్పి ఏం లాభం!

నాలుగో రోజు నాగప్ప తెగిన పోగులు గుప్పిట్లో పట్టుకొని వచ్చాడు.

"ఏమక్కా, ఇది పట్టా, సాలెగూడా? ముట్టుకుంటే తెగుతాండాది!"

నేను నోరు తెరిచాను. అత్త నా మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"నాగప్పా, నా నాలుక చచ్చిపోయి ఏడాది దాటింది. ఉప్పు తెలీదు, చౌడు తెలీదు. ఎవురికీ చెప్పలా. ఈ పిల్ల తూకమేసి పెడితే, ఇనకుండా నేనే ఇంకో పిడికెడు ఏసినా. తప్పు నాది. ఈ పిల్ల తూకం తప్పదు. ఇంకమీద దీని చేతికియ్యి."

అతను పోయాక నేను ఏడ్చేశాను. "ఎందుకత్తా అట్ల చెప్పినావు? తప్పు నాది కదా!"

"నా పేరు ఎట్లాగూ పోయేదే. నీదన్నా నిలబడనీ" అని చీపురు తీసుకొని ఊడ్చిన వాకిలే మళ్ళీ ఊడ్చింది.

అత్త చచ్చిన ఆరు నెలలకు కోడలి కంట నీరొచ్చిందంటారు. నాకు ఆమె బతికుండగానే, ఆ వారంలోనే ఇంకోసారి వచ్చింది. నాగప్ప కొత్త పట్టు మూట తెచ్చాడు. అత్త ఎప్పటిలాగే ఎదురెళ్ళి రెండు చేతులూ చాపింది. అతను ఆమెను చూడనట్టే పక్కనుంచి వచ్చి మూటను నా చేతుల్లో పెట్టాడు. నేను తీసుకున్నాను.