జెనోవాలో సంగటి మాడు

నేను పాసయ్యాను! మా ఇంట్లో తొలి పట్టా నాదే. బొంబాయి ఓడ కోసం ఇటలీలోని జెనోవాలో ఆగి ఉండగా లండన్ నుంచి తంతి వచ్చింది. ఆ కబురు చెప్పుకోవడానికి తోటి ప్రయాణికుడు, నంద్యాల ఓబులేసన్న తప్ప మనవాళ్లెవరూ లేరు. ఇద్దరం సందులన్నీ నడిచి, ఒక అవ్వ నడిపే పూటకూళ్లింట్లో కూర్చున్నాం. ఆమె మొక్కజొన్న సంగటిని చెక్కమీద కుమ్మరించి దారంతో కోసింది.

"ఏందప్పా, సంగటిని దారంతో కోస్తాంది!" అన్నాడు అన్న.

అవ్వకు తంతి చూపించి, సైగలతో చెప్పాను. ఆమె నా చెంపలు నిమిరి, గిన్నె అడుగున మాడు గీకి, అంతా నాకే పెట్టింది.

"నాకేదవ్వా?" అన్నాడు అన్న.

"నువ్వేం పాసైనావన్నా?" అన్నాను.

ఆళ్లగడ్డలో మా అమ్మ కూడా మాడు నాకే దాచేది.

బొంబాయిలో దిగగానే ఫోన్లు చేయాలి: నంద్యాలలో మామకు, పాణ్యంలో పంతులుగారికి, ఆళ్లగడ్డ తపాలాఫీసుకు పిలిపించి నాయనకు. పక్కన అమ్మ కూడా ఉంటే, ముందు మాడు సంగతే చెప్తాను.